బొంత కుట్టేవారి కంటితో అమరావతి, మంగళగిరి, పెడన: రివ్యూ

నమస్కారం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చూడదగ్గ ప్రదేశాల మీద వీడియోలకు కొరత లేదు కాబట్టి, ఈ రివ్యూలో గుడి మహిమ గురించో హోటల్ రుచి గురించో చెప్పబోవడం లేదు. బొంతలు కుట్టేవారు, గుడ్డముక్కలతో గోడకు వేలాడదీసే కళాకృతులు చేసేవారు ఈ ఊళ్ళు తిరిగితే తమ పనికి ఏమి దొరుకుతుందన్నదే ఇక్కడ విషయం. నా కొలబద్ద ఒక్కటే: చూసినది కత్తెరకూ సూదికీ లొంగాలి. కంటికి ఎంత ఇంపుగా ఉన్నా, గుడ్డలో కోయడానికి వీలుకానిది ఫోనులో ఫోటోగానే మిగిలిపోతుంది.

ఆ లెక్కన అన్నిటికన్నా ముందు నిలిచేది అమరావతి. స్తూపం శిల్పాల్లో పేరుపడ్డవి చాలావరకు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నా, ఇక్కడి పురావస్తు శాఖ మ్యూజియంలో ఉన్నవి మన పనికి చాలు. ప్రాకారపు స్తంభాల అమరికను నిదానంగా గమనించండి: నడుమ నిండు పద్మం, పైన అర్ధపద్మం, అడుగున మరో అర్ధపద్మం. ఇదే అమరికలో నిలువు బ్లాకులు (బొంతలో విడివిడిగా కుట్టి తరువాత కలిపే గడులు) కుట్టి ఒకదాని కింద ఒకటి అతికితే, పై బ్లాకు అడుగునున్న సగమూ కింది బ్లాకు నెత్తినున్న సగమూ కలిసి ఇంకో నిండు పద్మం అవుతుంది. అంటే అతుకు పడే చోటే పువ్వు విచ్చుకుంటుంది. రేకుల కోణం తేలికగానే తెలుస్తుంది: 360ని రేకుల సంఖ్యతో భాగిస్తే చాలు, 16 రేకులైతే ఒక్కో రేకు 22.5 డిగ్రీలు. ప్రాకారం పైవరుసలో మనుషులు భుజాల మీద మోస్తున్నట్టు అలలు అలలుగా సాగే పూలదండ కూడా బొంత అంచుకు చక్కగా సరిపోతుంది. దాన్ని నిలువు పోగు గుడ్డతో కుడితే వంపుల దగ్గర ముడతలు తేలుతాయి, కనుక క్రాస్‌గా, అంటే పోగుకు ఏటవాలుగా కత్తిరించిన పట్టీలే వాడాలి.

ఉండవల్లి గుహలకు మాత్రం నేను అంత మార్కులు వేయను. నాలుగు అంతస్తులుగా కొండను తొలిచిన పని అబ్బురమే, శయన విష్ణువు ముందు ఎవరైనా ఆగిపోవలసిందే. కానీ ఆ ఆకారాలు గుడ్డలోకి దిగవు. స్తంభాల వరుసలో వెలుగునీడలు ఒకదాని తరువాత ఒకటి వచ్చే తీరును చూసుకుని బయలుదేరవచ్చు.

మంగళగిరిలో చాలామంది 11 అంతస్తుల గాలిగోపురాన్ని గీసుకుంటారు. పైకి పోయేకొద్దీ సన్నబడే ఆ అంతస్తులు పట్టీల బొంతకు బాగానే కుదురుతాయి, అయితే నా దృష్టిలో అసలు పాఠం చేనేత మగ్గాల దగ్గర ఉంది. సంప్రదాయ మంగళగిరి చీరకు ఒళ్ళంతా సాదా, పనితనమంతా జరీ అంచులోనే. మన బొంతల్లో అంగుళం ఖాళీ లేకుండా ముక్కలు నింపే అలవాటు ఎక్కువ; పువ్వుల గుడ్డ మీద ఎంత సన్నగా కుట్టినా కుట్టు కనిపించదు, సాదా గుడ్డ మీద మాత్రం ప్రతి పోగూ తన నీడతో సహా తేలుతుంది. కాబట్టి ఇక్కడ నేయించిన సాదా నూలుగుడ్డ కొని, ఒకసారి నీళ్ళలో తడిపి ఆరవేసిన తరువాతే కోయండి, లేకపోతే కుట్టిన తరువాత కుంచించుకుపోతుంది.

రంగుల కోసం గుంటూరు మిర్చి యార్డు చూడాలి, అదీ వేసవి మొదట్లో సరుకు దిగే రోజుల్లో. ముక్కుకు చేతిరుమాలు తప్పనిసరి. తుమ్ముకుంటూ రంగులు చూసేవారిని అక్కడ ఎవరూ వింతగా చూడరు. తేజ కాయ ఎరుపు వేరు, ముడతలు పడిన బ్యాడిగి ముదురు ఎరుపు వేరు, తెల్లబారిన తాలు కాయ వేరు. ఎరుపు బొంతలో తాలు రంగు ముక్క ఒకటి రెండు చోట్ల పడితే మిగతా ఎరుపులన్నీ వెలుగుతాయి.

పెడన కొంచెం దూరమైనా, కలంకారీ కోసం వెళ్ళదగ్గ ఊరే. కరక్కాయ ద్రావణంలో ముంచిన గుడ్డ మీద చెక్క అచ్చులతో అద్దే పని అక్కడ చూడవచ్చు. మచిలీపట్నం తీరపు అద్దకం గుడ్డలు ఒకప్పుడు ఐరోపాలో ఎంతగా చెల్లాయంటే, తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా భారతీయ అద్దకం బట్టలను నిషేధించింది. ఐరోపా స్త్రీలు ఆ గుడ్డల్లోని పూలను, పక్షులను అంచు వెంబడి కత్తిరించి తెల్లని దుప్పట్ల మీద అతికి కుట్టుకున్నారు. ఇదే పద్ధతిని మనమూ చేయవచ్చు: పెడన డిజైనును గీసుకోవడం అనవసరం, గుడ్డ కొని పువ్వును కత్తిరించడమే మేలు. చేతి అచ్చు అయితే ఒక పువ్వుకూ పక్క పువ్వుకూ అచ్చు అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అన్నీ ఒకేలా ఉంటే అది చేతి అచ్చు కాదేమోనని అనుమానించాలి.

ఒక్క రోజే వీలైతే పొద్దున్నే అమరావతికి వెళ్ళి, తిరుగు దారిలో మంగళగిరి చూసుకుని, విజయవాడ వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో అస్తరు గుడ్డ కొనుక్కోండి. శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, ఆ రోజు అమరావతి మ్యూజియానికి సెలవు.