నీటి వంతు, వీసా వంతు

(2026 జనవరి చివర్లో భీమవరంలో, డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, వెనకాల నిలబడినవాళ్లు లోపలికి రండి, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

సంక్రాంతి వెళ్లి రెండు వారాలైంది. పండక్కి అమెరికా నుంచి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఈసారి అసలు రానివాళ్లూ ఉన్నారు. "మావోడు రాలేదండి, వస్తే మళ్లీ వెళ్లనిస్తారో లేదోనని భయమండి" అని మా వీధిలోనే ఇద్దరు అన్నారు. ఆ భయం గురించే ఇవాళ మాట్లాడమన్నారు నన్ను. విషయం "ఎంబీఏ తర్వాత వర్క్ వీసాలు" అని రాసిచ్చారు. ఆ "తర్వాత" అన్న మాటతోనే నాకు పేచీ. ఇది ఎంబీఏలో చేరకముందు అడగాల్సిన ప్రశ్న. నేను తర్వాత అడిగాను. అందుకే 2019 సెప్టెంబరులో రెండు సూట్‌కేసులతో నరసాపురం ఎక్స్‌ప్రెస్ దిగాను.

నా కథ క్లుప్తంగా చెప్పేస్తాను. 2016లో అమెరికాలో ఎంబీఏ సీటొచ్చింది. నాన్నగారు కాలవ పక్కన పొలం బ్యాంకులో తాకట్టు పెట్టారు. వెళ్లేముందు ఒక కన్సల్టెన్సీలో అడిగాను, "ఈ కోర్సుకి ఆ కోర్సుకి తేడా ఏంటండీ?" అని. "అన్నీ ఒకటేనమ్మా, మాస్టర్స్ మాస్టర్సే" అన్నారు. నేనూ అంతకుమించి అడగలేదు. అడగకపోవడం నా తప్పే.

తేడా ఎక్కడుందో చూపిస్తాను. అమెరికా యూనివర్సిటీ మీకు పంపే ఐ ట్వంటీ కాగితం మీద కోర్సు పేరు పక్కన ఆరు అంకెల కోడ్ ఉంటుంది. నాది 52.0201. అంటే మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. అదే క్యాంపస్‌లో పక్క బిల్డింగులో బిజినెస్ అనలిటిక్స్ చదివిన నా రూమ్మేట్ కాగితం మీద 52.1301 ఉంది. అంటే మేనేజ్‌మెంట్ సైన్స్. రెండోది అమెరికా ప్రభుత్వం పెట్టిన స్టెమ్ జాబితాలో, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల జాబితాలో ఉంది, మొదటిది లేదు. ఇద్దరం ఒకే కుక్కర్‌లో అన్నం వండుకున్నాం. చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి నాకు దొరికింది 12 నెలలు, తనకి మరో 24 కలిపి 36 నెలలు.

ఈ గడువునే ఓపీటీ అంటారు. ఇది వీసా కాదు. స్టూడెంట్ వీసా మీదే ఉంటూ, చదివిన చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతి. మన రైతులకి దీన్ని నీటి వంతులాగా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. గోదావరిలో ఇన్‌ఫ్లో తగ్గిన ఏడాది దాళ్వాకి, అదే రెండో పంట వరికి, వంతులు పెడతారు కదండీ. మీ వంతు రాత్రి రెండింటికి వస్తే రాత్రి రెండింటికే పొలంలో ఉండాలి. తెల్లారాక వెళ్లి "నేను పడుకున్నానండి" అంటే కాలవ నీళ్లు వదిలే లస్కరు వింటాడా? ఓపీటీకి దరఖాస్తు కోర్సు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి, పూర్తయ్యాక 60 రోజుల లోపు చేరాలి. కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు సిఫారసు ఎక్కించాక 30 రోజుల్లో పంపాలి. మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు వచ్చినవాళ్లకు ఇంకో 60 కలుస్తాయి.

ఆ 90 రోజుల టెన్షన్‌లోనే కొందరు పిల్లలు డబ్బులిచ్చి ఉత్తుత్తి ఆఫర్ లెటర్లు కొంటారు. మన పిల్లలే. ఆ కంపెనీ మీద ఎప్పుడో దర్యాప్తు జరిగితే, దాని పేరు రాసుకున్న ప్రతి ఒక్కరి ఫైలూ తెరుస్తారు. ఆ పని చెయ్యొద్దు.

స్టెమ్ కోడ్ ఉన్నంత మాత్రాన 24 నెలలు ఒళ్లో వచ్చి పడవు. మిమ్మల్ని పనిలో పెట్టుకునే కంపెనీ 'ఈ-వెరిఫై' అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండాలి. మీకు ఏం నేర్పిస్తారో ఐ 983 అనే ఫారంలో రాసి సంతకం పెట్టాలి. జీతం ఇవ్వాలి. చిన్న కంపెనీలు చాలావరకు ఇక్కడే చేతులెత్తేస్తాయి. ఇప్పుడు అమెరికాలో చాలా బిజినెస్ స్కూళ్లు ఎంబీఏలోనే స్టెమ్ ట్రాక్ పెట్టాయి. "మీది స్టెమ్ ఎంబీఏనా" అని అడగొద్దు, అవునంటారు. "నా ఐ ట్వంటీ మీద ఏ కోడ్ వస్తుంది" అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇక లాటరీ. ఓపీటీ అయ్యాక అక్కడ ఉద్యోగంలో ఉండాలంటే మామూలుగా కావాల్సింది కంపెనీ పెట్టించే వర్క్ వీసా, దాని పేరే హెచ్ వన్ బీ. అవి ఏడాదికి 65 వేలే, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి అదనంగా 20 వేలు. ఆ 20 వేలల్లో ఉండాలంటే చదివింది ప్రభుత్వ యూనివర్సిటీ గానీ, లాభాపేక్ష లేనిది గానీ అయ్యుండాలి. మార్చిలో కంపెనీ మీ పేరు లాటరీకి నమోదు చేస్తుంది, అదృష్టం ఉంటే అక్టోబరు 1 నుంచి వీసా మొదలు. మా రోజుల్లో నమోదు లేదు. ఏప్రిల్ మొదటి వారంలో మొత్తం ఫైలు పంపాల్సి వచ్చేది. 2019లో నా ఫైలు విప్పకుండానే తిరిగొచ్చింది, చెక్కుతో సహా. 12 నెలల్లో నాకున్నది ఆ ఒక్క ఛాన్సే. రూమ్మేట్‌కి మొదటిసారి రాలేదు, రెండోసారి రాలేదు, మూడోసారి వచ్చింది. తను నాకంటే తెలివైందని ఒప్పుకుంటాను, కానీ లాటరీకి తెలివితో పనిలేదు. మూడు చీటీలు, ఒక చీటీ, అంతే లెక్క.

ఈ ఏడాది ఆ లెక్క కూడా మారుతోంది. ఫిబ్రవరి 27 నుంచి కొత్త నిబంధన అమల్లోకి వస్తుంది. ఒక ఉద్యోగానికి ఇచ్చే జీతాన్ని నాలుగు స్థాయిలుగా చూస్తారు. నాలుగో స్థాయి వాళ్ల పేరు లాటరీలో నాలుగుసార్లు పడుతుంది, మొదటి స్థాయి వాళ్లది ఒక్కసారి. అప్పుడే చదువు పూర్తి చేసి చిన్న ఉద్యోగంలో చేరేవాడికి ఇది దెబ్బే. నాలుగైదేళ్లు ఇక్కడ పనిచేసి, ఆ అనుభవంతో ఎంబీఏకి వెళ్లి, పెద్ద జీతంతో చేరేవాళ్లకి కాస్త కలిసొస్తుంది. డిగ్రీ అవ్వగానే పరుగెత్తొద్దు, ముందు ఉద్యోగం చెయ్యండి అని నేను చెప్పడానికి ఇదొక కారణం.

మార్కెటింగ్, మేనేజ్‌మెంట్ ఉద్యోగాలకు ఇంకో చిక్కుంది. హెచ్ వన్ బీ ఇవ్వాలంటే ఆ పనికి ఫలానా సబ్జెక్టులోనే డిగ్రీ ఉండాలని కంపెనీ చూపించాలి. "ఏదో ఒక బిజినెస్ డిగ్రీ ఉంటే చాలు" అన్న ఉద్యోగాలకు అభ్యంతరాలు వస్తాయి. ఫైనాన్స్, అనలిటిక్స్, సప్లై చెయిన్ వాళ్లకి చూపించుకోవడం తేలిక.

గత ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఈ ఊరు మర్చిపోదు. ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగింది. నేను ఇప్పుడు రొయ్యల ఎగుమతి కంపెనీలోనే పనిచేస్తున్నాను కాబట్టి ఆ వారం చెరువు గట్ల మీద ఎలా ఉందో దగ్గర్నుంచి చూశాను. నెల తిరక్కుండానే, సెప్టెంబరు 19న, కొత్త హెచ్ వన్ బీకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చింది. ఒకే ఇంట్లో తండ్రికి రొయ్య దెబ్బ, కొడుక్కి వీసా దెబ్బ. ఆ రాత్రి మా బంధువులబ్బాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి ఏడ్చాడు. అక్టోబరులో వివరణ వచ్చింది. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు ఆ లక్ష వర్తించదు. అయితే మార్పు ఆమోదం కాకముందే దేశం దాటితే వ్యవహారం చెడొచ్చు. మా వీధిలో పండక్కి రాని పిల్లల భయం ఉత్త భయం కాదు.

"పోనీ లండన్ పంపుదామండి, ఏడాదిలో అయిపోతుంది" అంటారు. బ్రిటన్‌లో చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి స్పాన్సర్ చేసే కంపెనీ అక్కర్లేదు, కోడ్ గొడవ లేదు, మాస్టర్స్ చేసినవాళ్లకి రెండేళ్లు. కానీ 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకి దాన్ని 18 నెలలకు తగ్గిస్తున్నారు. ఇక్కడ కూర్చున్న మీరు 2026 సెప్టెంబరులో చేరితే, చదువయ్యేది 2027లో. అంటే మీకు 18 నెలలే. బ్రోషర్లలో ఇంకా రెండేళ్లనే ఉంటే తేదీ చూసుకోండి. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా. దానికి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం కావాలి, కొత్తగా పనిలో చేరే కుర్రాళ్లకి 33,400. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీయే ఇవ్వగలదు. ఇంకోటి, పెళ్లి చేసి పంపించేద్దామనుకునే పెద్దలకి: 2024 జనవరి నుంచి చదువు కోసం వెళ్లే మామూలు మాస్టర్స్ విద్యార్థి భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లలేరు.

కెనడా గురించి రెండు ముక్కలు. మాస్టర్స్ చేస్తే, కోర్సు కనీసం ఎనిమిది నెలలున్నా మూడేళ్ల వర్క్ పర్మిట్ వస్తుంది, జీవితంలో ఒక్కసారే. 2024 నవంబరు నుంచి ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కూడా పెట్టాలి. అసలు జాగ్రత్త డిప్లొమాల దగ్గర. "బిజినెస్ మేనేజ్‌మెంట్ డిప్లొమా, ఫీజు తక్కువ" అని చెప్పే కాలేజీ కోర్సులు చాలావాటికి ఇప్పుడు ఆ పర్మిట్ రాదు. చేరేముందు కెనడా ప్రభుత్వ జాబితాలో ఆ కోర్సు ఉందో లేదో చూసుకోండి.

ఐర్లండ్‌లో మాస్టర్స్ తర్వాత రెండేళ్లు, జర్మనీలో 18 నెలలు ఉద్యోగం వెతుక్కోవడానికి ఇస్తారు. జర్మనీలో భాష రాకుండా బిజినెస్ ఉద్యోగం కష్టం. ఆస్ట్రేలియాలో మామూలుగా కోర్స్‌వర్క్ మాస్టర్స్‌కి రెండేళ్లయితే, మన దేశంతో ఉన్న ఒప్పందం వల్ల భారతీయులకి ఎంబీఏకీ మూడేళ్ల వరకు వస్తుంది. దరఖాస్తు నాటికి వయసు 35 దాటకూడదు.

తల్లిదండ్రులు ఇప్పుడు వినండి. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్లలో సాధారణంగా కోర్సు, ఆ పైన ఒక ఏడాది వాయిదా ఇస్తారు. ఆ తర్వాత ఈఎంఐ మొదలు. ఓపీటీ కూడా ఒక ఏడాదే. స్టెమ్ లేని పిల్లకి పర్మిషన్ ఏ నెలలో అయిపోతుందో, ఇంచుమించు ఆ నెలలోనే బ్యాంకు వాడి ఫోను మొదలవుతుంది. నాకు అదే జరిగింది. ఇక్కడి జీతంతో డాలర్ల చదువు అప్పు తీర్చడానికి ఆరేళ్లు పట్టింది. పోయిన శరదృతువులో పొలం విడిపించుకున్నాం. నాన్నగారు ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అది ఇంకా బరువండీ. కాబట్టి లోన్ సంతకానికి ముందు ఒక కాగితం మీద రెండు లెక్కలు వేయండి. పిల్లాడు అక్కడే ఉంటే ఎలా తీరుస్తాడు, ఏడాదికే తిరిగొచ్చేస్తే ఇక్కడి జీతంతో ఎలా తీరుస్తాడు. రెండో లెక్క కుదరకపోతే చిన్న లోన్ పట్టే కోర్సు చూడండి, లేదా రెండేళ్లు ఆగండి.

మనం కాలవ చివర శివారు భూముల వాళ్లలాంటి వాళ్లం. గోదావరి ఆనకట్ట దగ్గర కాలవ గేటు ఎప్పుడు దించుతారో మన చేతిలో లేదు. నారుమడి ఎప్పుడు పోసుకోవాలో మన చేతిలో ఉంది. వీసా నిబంధనలు వచ్చే మార్చికి మళ్లీ మారొచ్చు. అందుకే నేను చెప్పిన అంకెలు కూడా అప్లికేషన్ పెట్టే రోజున ఆయా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఇంకోసారి చూసుకోండి. కన్సల్టెన్సీ చెప్పిందనీ, నేను చెప్పాననీ ఆగిపోవద్దు.

ప్రశ్నల టైమ్ ఉందన్నారు. అడ్మిషన్ లెటర్లు, ఐ ట్వంటీలు తెచ్చుకున్నవాళ్లు ఇటు టేబుల్ దగ్గరికి రండి. బాబూ, నువ్వే, నీలం చొక్కా, ఫోన్‌లో నీ ఐ ట్వంటీ తెరువు. ఆ అంకె పైకి చదువు, అందరికీ వినపడేలా.