యూకేలో హౌసింగ్ అసోసియేషన్ ఇల్లు: బిడ్ అంటే పైసలు కాదు, తారీఖు

అందరికీ నమస్తే అండి. మొన్న వీడియో కాల్‌ల మా అమ్మకు కొత్త ఇల్లు చూపిస్తున్న, కిచెన్ చూసింది, పిల్లల రూమ్ చూసింది, వెనక ఇంత గడ్డి ఉంటే అది కూడా చూసింది, అన్నీ చూసి లాస్ట్‌కి ఒకటే అడిగింది, "పట్టా ఎవరి పేరు మీద అయింది బిడ్డా, నీ పేరు మీదనా అల్లుని పేరు మీదనా" అని. పట్టా లేదమ్మా, కిరాయే అన్న. మొహం ఇంత చిన్నగ అయింది. ఆమెను ఏమనలేం, మన దిక్కు సర్కారు ఇల్లు అంటే ఇందిరమ్మ ఇల్లు, డబుల్ బెడ్‌రూమ్, అటు ఆంధ్రాల టిడ్కో ఇండ్లు, వచ్చిందంటే మనదే అన్నట్టు. ఇంగ్లండ్‌ల అట్ల కాదు, ఇక్కడ తక్కువ కిరాయికి ఇస్తరు, కిరాయి కట్టుకుంట మంచిగ ఉన్నన్ని రోజులు ఉండొచ్చు, అంతే. కాని ప్రైవేట్ ఓనర్ ఎప్పుడు పొమ్మంటడో అని భయపడుకుంట బతికినోళ్ళకు ఆ "అంతే" అన్నది ఎంత పెద్దదో తెలుస్తది.

అసలు హౌసింగ్ అసోసియేషన్ అంటే ఏందంటే, అది కౌన్సిల్ (మన మున్సిపాలిటీ అసొంటిది) కాదు, ప్రైవేట్ ఓనర్ కూడా కాదు. లాభం కోసం నడపని సంస్థలు, కొన్ని మస్తు పాతవి, లండన్‌ల జార్జ్ పీబాడీ అనే అమెరికన్ బ్యాంకర్ 1862ల పేదోళ్ళ ఇండ్ల కోసం పైసలిస్తే మొదలైంది కూడా ఇప్పటికీ నడుస్తున్నది. ఇప్పుడు ఇంగ్లండ్‌ల కౌన్సిళ్ళ కంటే వీళ్ళ చేతుల్లనే ఎక్కువ ఇండ్లున్నయి. కిరాయిల రెండు రకాలు ముఖ్యం. సోషల్ రెంట్ అనేది సర్కారు ఫార్ములా ప్రకారం ఉంటది, మార్కెట్ కంటే మస్తు తక్కువ. 2011 నుంచి వచ్చిన అఫర్డబుల్ రెంట్ అనేది మార్కెట్ కిరాయిల 80 శాతం దాక ఉండొచ్చు. పేరు చూసి మోసపోకండి, లండన్‌ల మార్కెట్‌ల 80 శాతం అంటే అది ఎవరికి అఫర్డబులో నాకైతే అర్థం కాదు.

ఇగ అసలు ముచ్చట, ఎవరు అప్లై చేయొచ్చు. నాకు రోజుకొకరు ఫోన్, "అక్కా నేను స్టూడెంట్ వీసా, కేర్ వర్కర్ వీసా, కౌన్సిల్ హౌజ్ వస్తదా" అని. రాదు తమ్మీ. మీ వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉంటది కదా, అంటే సర్కారు సాయం తీసుకోనీకె లేదు అని, కౌన్సిల్ లిస్ట్ నుంచి వచ్చే ఇల్లు కూడా ఆ పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తది. ఐఎల్ఆర్ (ఇక్కడ పర్మనెంట్‌గ ఉండే పర్మిషన్) వచ్చినంక లేకుంటే సిటిజన్ అయినంకనే ఆ తలుపు తెరుచుకుంటది. ఐఎల్ఆర్‌కి ఎన్ని ఏండ్లు అన్న దాని మీద 2025 మే నుంచి సర్కారు మార్పులు మొదలుపెట్టింది, 5 ఏండ్లను 10 చేస్తం అని, కాబట్టి మీ కేసుకు ఏది వర్తిస్తదో గవర్నమెంట్ సైట్‌లనే చూసుకోండి, నా వీడియో చూసి కాదు. ఎవడన్నా "300 పౌండ్లు ఇవ్వు, నీ వీసా మీదనే ఇప్పిస్త" అంటే ఫోన్ కట్ చేయండి. అప్లికేషన్ ఫ్రీ. పూర్తిగ ఫ్రీ.

వీసా మీద ఉన్నోళ్ళకు ఇంకో చిన్న దారి ఉంది, మనోళ్ళకు ఎక్కువ తెల్వదు. కొన్ని హౌసింగ్ అసోసియేషన్లు కౌన్సిల్ లిస్ట్‌తోని సంబంధం లేకుండ డైరెక్ట్‌గ కిరాయికి ఇస్తయి, ఇంటర్మీడియట్ రెంట్ అని, అంటే సోషల్ రెంట్‌కు మార్కెట్ కిరాయికి నడుమ, కీ వర్కర్ ఇండ్లు అని. పెద్ద హాస్పిటళ్ళ దగ్గర నర్సులు, స్టాఫ్ ఉండే క్వార్టర్స్ చాలా మటుకు ఇసొంటి సంస్థలే చూసుకుంటయి. ఎన్‌హెచ్‌ఎస్‌ల, అంటే ఇక్కడి సర్కారు దవాఖానల్ల, పని చేసే మన పిల్లలు ఫస్ట్ హాస్పిటల్ అకామడేషన్ ఆఫీస్‌ల అడగండి, తర్వాత ఫేస్‌బుక్ గ్రూపులు చూడండి. ప్రతీదానికి దాని కండిషన్లు, జీతం లిమిట్లు ఉంటయి, అవి చదివే అప్లై చేయండి.

మా కథ చెప్తా. మేము 2016ల వచ్చినం, మిడ్‌లాండ్స్‌ల ఒక చిన్న టౌన్, మా ఆయన వేర్‌హౌజ్ ఆఫీస్‌ల, నేను స్కూల్ కిచెన్‌ల. 2021ల ఐఎల్ఆర్ వచ్చింది. ఒకటే బెడ్‌రూమ్ ఫ్లాట్‌ల మేమిద్దరం, బాబు, పాప. మన లెక్కల నలుగురికి అది ఇరుకు కాదు, మా ఊర్ల ఏడుగురం రెండర్రల పెరిగినం, అందుకే "మనం ఎందుకు అప్లై చేసుడు, రెండేండ్లల ఇల్లు కొనుక్కుంటం కదా" అని మా ఆయన. అందరి ఇండ్లల్ల ఇదే మాట. కొనలే. ఇండ్ల ధరలు పెరిగినయి, డిపాజిట్ కోసం దాసిన పైసలు అమ్మ ఆపరేషన్‌కు పోయినయి. అప్పుడు అప్లై చేసినం, 2021 ఆఖర్ల.

హౌసింగ్ అసోసియేషన్‌కు సీదా ఫోన్ చేస్తే "మీ కౌన్సిల్ హౌసింగ్ రిజిస్టర్‌ల చేరండి" అంటరు, ఎందుకంటే ఖాళీ అయిన ఇండ్లల్ల ఎక్కువ భాగం ఆ లిస్ట్ నుంచే నింపుతరు. స్కాట్లాండ్‌ల పద్ధతి వేరే ఉంటది, నేను ఇంగ్లండ్ సంగతే చెప్తున్న. 2024 మార్చి నాటికి ఇంగ్లండ్ మొత్తం లిస్ట్‌లల్ల 13 లక్షల పైన కుటుంబాలున్నయి, అందుకే కౌన్సిల్ ఎవరికి ఎంత అవసరమో చూసి బ్యాండ్లు పెడ్తది, ఏ, బీ, సీ, డీ, ఏ అన్నిటికంటే ముందు, కొన్ని చోట్ల పాయింట్లు. ఇల్లు లేనోళ్ళు, ఇరుకు ఇండ్లల్ల ఉన్నోళ్ళు, ఆరోగ్యం బాలేక ఆ ఇంట్ల ఉండలేనోళ్ళు, వీళ్ళకు ముందు చాన్స్ అని 1996 హౌసింగ్ చట్టంలనే ఉంది.

ఫామ్ నింపుడు గంట పని, ప్రూఫులు జమ చేసుడు నెల పని. ఈ-వీసా షేర్ కోడ్, పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పిల్లలు మనతోనే ఉంటున్నరని చైల్డ్ బెనిఫిట్ లెటర్, అన్నిటికంటే కష్టమైంది గత ఐదేండ్లు ఎక్కడెక్కడ ఉన్నమో అడ్రస్ హిస్టరీ. 2011 చట్టం తర్వాత ఏ కౌన్సిల్ రూల్ ఆ కౌన్సిల్‌ది, చాలా చోట్ల ఆ ఊర్ల ఇన్నేండ్లు ఉంటేనే లిస్ట్‌ల ఎక్కనిస్తరు. ఇగ మనోళ్ళ సంగతి తెల్వదా, మొదటి రెండేండ్లు ఎవరి ఇంట్లనో రూమ్, క్యాష్, అగ్రిమెంట్ లేదు, కౌన్సిల్ టాక్స్ బిల్లుల పేరు లేదు, కరెంటు బిల్లుల పేరు లేదు, బ్యాంకు ఉత్తరాలేమో బర్మింగ్‌హామ్‌ల ఫ్రెండ్ అడ్రస్‌కు. ఉన్నది ఇక్కడనే, కాయితం మీదమాత్రం ఎక్కడా లేరు. మా ఆయనకు ఒక ఏడాది అట్లనే గాల్లో కలిసింది. అందుకే ఇప్పుడు వీసా మీద ఉన్నోళ్ళు కూడా వినండి, ఇయ్యాల్టి నుంచే బ్యాంక్, జీపీ (ఫ్యామిలీ డాక్టర్), డ్రైవింగ్ లైసెన్స్ అన్నీ ఉన్న అడ్రస్‌కే మార్చుకోండి.

ఫామ్‌ల ఇంకో ప్రశ్న ఉంటది, యూకేల గాని బయట గాని మీకు ప్రాపర్టీ ఉందా అని. "హైదరాబాద్‌ల ఫ్లాట్ ఉంది అక్కా, వాళ్ళకెట్ల తెలుస్తది" అంటరు. నేను చెప్పేది ఒకటే, రాయండి. ఇల్లు ఉన్నోళ్ళను తీసేసే కౌన్సిళ్ళు ఉన్నయి నిజమే, కాని అబద్ధం రాసుడు ఆ 1996 హౌసింగ్ చట్టం కిందనే నేరం, ఇల్లు ఇచ్చినంక దొరికితే ఇల్లు కూడా పోతది. అట్లనే అత్తామామల్ని విజిట్ వీసా మీద తెచ్చి ఇరుకు చూపిస్తమని ఒకాయన ప్లాన్ చెప్పిండు. విజిటర్లను లెక్కల పట్టరు సార్, కావాలని ఇరుకు చేసుకున్నరనిపిస్తే ఉన్న బ్యాండ్ కూడా కిందికి గుంజుతరు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. ఇది చెప్పనీకే ఈ వీడియో పెట్టిన అసలు. మా కౌన్సిల్ రూల్ ఏందంటే, పదేండ్ల లోపు అన్నాచెల్లెలు ఒకటే రూమ్‌ల పడుకోవచ్చు, ఒకలికి పది నిండితే వేరే వేరే రూమ్‌లు కావాలె. అప్లై చేసినప్పుడు ఇద్దరూ చిన్నోళ్ళు, మాకు ఒక బెడ్‌రూమ్ తక్కువ అని సీ బ్యాండ్ ఇచ్చిన్రు. 2022 ఆగస్ట్‌ల బాబుకు పది నిండినయి. కేక్ కోసినం, ఫొటోలు దిగినం, ఫామ్ అప్‌డేట్ చేయాలన్న సోయి లేదు. వాళ్ళ దగ్గర డేట్ ఆఫ్ బర్త్ ఉంది కదా, వాళ్ళే మారుస్తరు అనుకున్న. ఎవరూ మార్చరు! 2023 అక్టోబర్‌ల స్కూల్‌ల తోటి పని చేసే ఆమె మాటల్ల మాటగ చెప్తే తెలిసింది. అప్‌డేట్ చేస్తే రెండు బెడ్‌రూమ్‌లు తక్కువ అని బీ బ్యాండ్ వచ్చింది, కాని బీ బ్యాండ్ తారీఖు ఏదంటే నేను అప్‌డేట్ చేసిన రోజు, బాబు పుట్టినరోజు కాదు. పద్నాలుగు నెలలు పోయినయి. ఒకే బ్యాండ్‌ల ఇద్దరుంటే ఎవరి తారీఖు ముందుంటే వాళ్ళకే ఇల్లు. ప్రెగ్నెన్సీ, ఇల్లు మారుడు, జబ్బు, జీతం, ఏది మారినా ఆ వారమే లాగిన్ అయి రాయండి. ఏడాదికోసారి "ఇంకా లిస్ట్‌ల ఉంటరా" అని ఈమెయిల్ పంపే కౌన్సిళ్ళున్నయి, జవాబు ఇయ్యకుంటే పేరు తీసేస్తరు, అది స్పామ్‌ల పడుతది, చూసుకోండి. బ్యాండ్ తప్పనిపిస్తే రివ్యూ అడిగే హక్కు ఉంది, ఎన్ని రోజుల్ల అడగాలో లెటర్‌లనే ఉంటది.

తర్వాత బిడ్డింగ్. ఆ మాట విని మా తమ్ముడు "ఎంత పాడినవు అక్కా" అన్నడు, ఐపీఎల్ వేలం అనుకున్నడు. పైసలేం ఉండవు, వారం వారం ఖాళీ ఇండ్లు సైట్‌ల పెడ్తరు, మనకు సరిపోయేదాని మీద నాకు కావాలె అని నొక్కుడు, అంతే. నొక్కంగనే లైన్‌ల మన నంబర్ చూపిస్తది. నాకు ఫస్ట్ వచ్చింది 143. సీ బ్యాండ్‌ల ఉన్నన్ని రోజులు 90కి కింద ఎప్పుడూ రాలే, కొన్ని రోజులు చూసుడే బంద్ చేసిన. బీ అయినంక ఇంకో కిరికిరి, ఇప్పుడు మాకు మూడు బెడ్‌రూమ్‌లు రావాలె, అవి వచ్చుడే తక్కువ. అదృష్టం ఏందంటే మా కౌన్సిల్ ఒక బెడ్‌రూమ్ తక్కువ దానికి కూడా బిడ్ చేయనిస్తది. ప్రకటన మొత్తం చదవాలె, 55 ఏండ్లు దాటినోళ్ళకే అని ఉంటది, ఆ ఊరోళ్ళకే ముందు అని ఉంటది, అవి చూడకుండ నొక్కితే ఆ వారం బిడ్ వేస్ట్.

2025 జనవరిల నంబర్ 2 వచ్చింది, ఒకటో నంబరోళ్ళు వద్దన్నట్టున్నరు, మాకు ఫోన్. రెండు బెడ్‌రూమ్‌లు, పెద్ద హాల్, అఫర్డబుల్ రెంట్. చూసి చెప్పనీకె రెండు రోజుల టైమ్. ఊకెనే వద్దంటే ఊరుకోరు, కొన్ని చోట్ల రెండు మూడు సార్లు వద్దంటే కొన్ని నెలలు లిస్ట్ నుంచి ఆపేస్తరు, కాబట్టి పోయి చూడబుద్ధి కాని ఇంటికి మొదలే బిడ్ చేయకండి. తర్వాత జీతం ఎంత, ఖర్చు ఎంత అని గంట సేపు ఫోన్‌ల అడిగిన్రు, చిట్టీ కడుతున్నమని కూడా చెప్పిన, ఆమెకు చిట్టీ అంటే ఏందో చెప్పేసరికి పది నిమిషాలు.

కిరాయి వారం లెక్కల చెప్తరు, ఇక్కడ మస్తు మంది బోల్తా పడ్తరు. మాది వారానికి 165 పౌండ్లు. నాలుగుతోని గుణిస్తే 660 అయితది, కాని నెలకు నాలుగు వారాల కంటే ఎక్కువుంటయి కదా. 165ని 52తోని గుణించి 12తోని భాగించాలె, 715 అయితది. సర్వీస్ చార్జ్ అందుల ఉందా, వేరేనా అడగండి. మొదటి ఏడాది స్టార్టర్ టెనెన్సీ, అంటే చూస్తున్నరన్నట్టు, అది సక్కగ దాటితే పక్కా టెనెన్సీ.

తాళం తీసి లోపలికి పోతే కింద సిమెంటు. కార్పెట్ లేదు, స్టవ్ లేదు, ఫ్రిజ్ లేదు, బల్బులు కూడా రెండే. ఇక్కడ సోషల్ ఇండ్లు చాలా వరకు అట్లనే ఇస్తరట, మాకు ఎవరూ చెప్పలే. పాలు పొంగించనీకె ఎలక్ట్రిక్ కెటిల్‌ల పొంగిచ్చిన, నవ్వకండి. అందుకే లిస్ట్‌ల ఉన్నప్పుడే వెయ్యి రెండు వేలు పక్కన పెట్టుకోండి.

ఇంకోటి, గోడల మీద నల్లగ బూజు వస్తే "మీ వంటతోని, మీ ఆవిరితోని" అంటే తల ఊపి ఊకోకండి. రోచ్‌డేల్‌ల అవాబ్ ఇషాక్ అనే రెండేండ్ల బాబు 2020 డిసెంబర్‌ల హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్‌ల బూజు వల్లనే చనిపోయిండు, వాళ్ళ నాయన ఎన్నిసార్లు చెప్పినా పెయింట్ వేసుకోమన్నరు. ఆ బాబు పేరు మీద వచ్చిన చట్టం 2025 అక్టోబర్ 27 నుంచి నడుస్తున్నది, ప్రమాదం పెద్దదైతే 24 గంటల్ల రావాలె, బూజు, తేమ సీరియస్‌గ ఉంటే పది పని దినాల్ల వచ్చి చూడాలె. ఫోన్‌ల చెప్పుడుతోని ఆపకుండ ఈమెయిల్ పెట్టండి, ఫొటో పెట్టండి.

ఇల్లు వచ్చిన వారం నుంచే ఒక పిలగాడు ఫోన్, మా మేనత్త ఊరోడు, మాస్టర్స్‌కు వచ్చిండు. "అక్కా, హాల్‌ల పడుకుంట, నెలకు 300 క్యాష్ ఇస్త" అని. ఇల్లు మొత్తం వేరేటోళ్ళకు కిరాయికి ఇచ్చి మనం ఇంకో దగ్గర ఉండుడు 2013 చట్టం కింద క్రైమ్, జైలు దాక పోతది. మనం ఉండుకుంట ఒక రూమ్ ఇచ్చుడు వేరే, దానికి కూడా ముందు అసోసియేషన్‌ను అడగాలె, మాకైతే ఇచ్చేటంత జాగ కూడా లేదు. అవన్నీ వానికి ఎందుకు అర్థమైతయి, వానికి కావలసింది పండుకోనీకె జాగ. నేను ఏం చెప్పిన్నంటే, ఎక్కడ ఉన్నా అగ్రిమెంట్ అడుగు, నీ పేరు మీద ఒక్క ఉత్తరమన్నా ఆ అడ్రస్‌కు రావాలె అని చెప్పిన. సరే అక్కా సరే అక్కా అన్నడు, మళ్ళ ఇప్పుడు వాడే చేస్తున్నడు, స్క్రీన్ మీద కనబడుతున్నదా మీకు, ఉండండి ఎత్తుతా.