రేవులో ఆడవాళ్ళకి నీడేదీ?

వేదిక మీదున్న పెద్దలకి, బోటు నడిపే సరంగులకి, బోట్లలో పనిచేసే కలాసీలకి, వెనకాల నిలబడిపోయిన అమ్మలకి నమస్కారం. తమ్ముడూ, ముందు ఆ ఖాళీ కుర్చీలు వెనక్కి పంపించు. వాళ్ళు చీకటితోనే లేచి వచ్చారు.

ఇవాళ ప్రపంచ మత్స్యకార దినోత్సవం కాబట్టి కాకినాడ రేవు చరిత్ర చెప్పమన్నారు. 1839 ఉప్పెన పాత రేవు కోరంగిని ముంచేసింది, గోదావరి మేటలు మిగతా పని పూర్తిచేశాయి, వ్యాపారం మెల్లగా ఇటు మళ్ళింది. మన తీరం నుంచి ఎంతమంది పొట్ట చేతపట్టుకుని రంగూన్ ఓడెక్కారో లెక్కలేదు. ఇక్కడ తీరం దగ్గర లోతు తక్కువ, అందుకే పెద్ద ఓడ దూరంగా లంగరేసుకునేది, జగన్నాథపురం ఉప్పుటేరులోంచి బార్జీలు బియ్యం బస్తాలు మోసుకెళ్ళేవి. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టి అలల పోటు తగ్గి ఆ పని సాగింది. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చింది, పెద్ద ఓడలు రేవు గోడకే ఆనుకుంటున్నాయి. ఓడల సంగతి ఇక్కడితో ఆపుతాను.

నేను చెప్పాల్సింది మా అమ్మ గురించి. తెరచాప నావల కాలంలో నాన్న ఒడ్డుకి చేరగానే వల దులిపి చేపలు అమ్మ ముందు పోసేవాడు. ఏది అమ్మాలి, ఏది ఎండబెట్టాలి, ఎవరికి అప్పివ్వాలి, అన్నీ అమ్మే చూసుకునేది. డబ్బు ఆవిడ కొంగునే ఉండేది. తర్వాత మరబోట్లొచ్చాయి, ఐస్ వచ్చింది, రొయ్య విదేశాలకెళ్ళడం మొదలైంది, వేలంపాట వచ్చింది. డబ్బు పెరిగింది, కాదనను. కానీ సొంత బోటు చేపని అమ్మ వేలంలో పాడి కొనుక్కోవాల్సొచ్చింది! లారీ తెచ్చినవాడితో ఎక్కడ పోటీ పడుతుంది? నలుగురైదుగురు కలిసి వడ్డీకి తెచ్చి ఒక్క ట్రే కానాగంత చేపలు పాడుకునేవాళ్ళు, నేలమీద కూర్చుని ఒక్కొక్క చేపా లెక్కపెట్టి వాటాలేసుకునేవాళ్ళు, చిన్నవి ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళకి ఒకటి కలిపేవాళ్ళు. గంపతో వెళ్తే వాసనని బస్సెక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పటికీ అంతే కదమ్మా? చెప్పండి, గట్టిగా చెప్పండి, పెద్దలు వింటారు.

1996 నవంబర్ 6 తుఫాను మీకు గుర్తుందా? వేటకెళ్ళినవాళ్ళు ఎంతమంది తిరిగిరాలేదో భైరవపాలెం వాళ్ళనడగండి. మా వీధిలో అంతకుముందు గడప దాటని కోడళ్ళు ఆ తర్వాత గంప నెత్తికెత్తుకున్నారు. పిల్లల్ని ఆ గంపే చదివించింది. బోటుకి డీజిల్ రాయితీ ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధానికి భృతి ఉంది, మంచిదే, ఇంకా పెంచాలి కూడా. ఆ అరవై ఒక్క రోజులూ గంప కూడా ఖాళీయే కదా, దానికేదీ?

అడుగున పేరిన మట్టి తవ్వితీసే డ్రెడ్జింగ్ గురించి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పూడిక గురించి మాట్లాడదామని కాగితం రాసుకొచ్చాను. అది పక్కన పెట్టేస్తున్నా, సరంగులు క్షమించాలి. నాకిప్పుడు కావాల్సింది వేలం దగ్గర ఒక షెడ్డు, కుళాయి, తలుపున్న మరుగుదొడ్డి. అర్జీ ఈ బల్లమీదే ఉంది. భోజనాలకి వెళ్ళేముందు వేదిక మీద పెద్దలు ముందు సంతకం చేయండి, వాళ్ళ వెనక మేమంతా చేస్తాం.