కోరి తెచ్చుకున్న ధ్రువం పోస్టింగ్

హోస్ట్: సార్, దూరపు పోస్టింగ్ అంటే ఎలా తప్పించుకుందామా అని చూస్తారు చాలామంది. కావాలని అడిగి వెళ్లినవాళ్ల గురించి మాట్లాడాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?

అతిథి: జాక్ టక్‌తో అమ్మా. అమెరికా నేవీలో కుర్ర లెఫ్టినెంట్. 1955లో ఆపరేషన్ డీప్ ఫ్రీజ్, అంటే అంటార్కిటికాలో స్థావరాలు కట్టే నేవీ కార్యక్రమం, మొదలైనప్పుడు అక్కడికి వెళ్లాడు. ఆయన పనేంటో తెలుసా? స్లెడ్జి లాగే కుక్కల్ని చూసుకోవడం!

హోస్ట్: ఆఫీసరుకి కుక్కల డ్యూటీనా?

అతిథి: మరి! 1956 చలికాలమంతా అంటార్కిటికా తీరంలోని అమెరికా స్థావరం మెక్‌మర్డోలో ఉన్నాడు. అది చాలక 1957 చలికాలానికి ఏకంగా దక్షిణ ధ్రువానికే వెళ్లాడు. అక్కడున్నది మొత్తం 18 మంది. నేవీ వాళ్లకి టక్ పెద్ద, సైన్స్ వాళ్లకి పాల్ సైపుల్. ఆ సెప్టెంబరులో చలి మైనస్ 74 డిగ్రీలు దాటింది. బ్రావో అనే కుక్క కూడా ఉండేది వాళ్లతో.

హోస్ట్: ఇలాంటి చోటికి ఎవరిని తీసుకుంటారు? ర్యాంకు చూస్తారా?

అతిథి: ర్యాంకు కన్నా చేతిపని ముఖ్యం. చలికాలంలో నెలల తరబడి విమానం రాదు. జనరేటర్ ఆగితే ఉన్నవాళ్లే బాగుచేసుకోవాలి. అందుకే మెకానిక్, ఎలక్ట్రీషియన్, రేడియో ఆపరేటర్, డాక్టర్ కావాలి. మంచి వంటవాడైతే మరీ మంచిది. దరఖాస్తులో సాహసం ఇష్టమని పేజీలు నింపడం కన్నా, ఏ మెషిన్ విప్పి బిగించగలరో రాస్తే మేలని నా లెక్క.

హోస్ట్: మనసు సంగతి?

అతిథి: మొదటి చలికాలంలోనే మెక్‌మర్డోలో ఒకతనికి తీవ్రమైన మానసిక జబ్బు వచ్చింది. పంపించడానికి దారి లేదు, అక్కడే ఒక గదిలో ఉంచాల్సి వచ్చింది. ఆ తర్వాత నుంచి వెళ్లేవాళ్లందరికీ మానసిక పరీక్షలు పెట్టారు. శాన్ డియేగోలోని నేవీ పరిశోధకులు ఏళ్లపాటు గమనించి మూడు గుణాలు తేల్చారు: నిలకడ, పని మీద శ్రద్ధ, పక్కవాళ్లతో సర్దుకుపోవడం. ఇంట్లో గొడవల నుంచి పారిపోదామని వెళ్లేవాడి సంగతి వేరే చెప్పాలా? అక్కడ తలుపు తీసి బయటికి పోవడానికి కూడా ఉండదు.

హోస్ట్: తిరిగొచ్చాక ఆరోగ్యం పాడవుతుందా?

అతిథి: నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే, అర్హత ఉండీ వెళ్లని నేవీ వాళ్లతో పోలిస్తే, చలికాలం గడిపి వచ్చినవాళ్లే తర్వాతి ఏళ్లలో తక్కువగా ఆసుపత్రిలో చేరారు. 1986లో లారెన్స్ పాలింకాస్ అనే పరిశోధకుడు చేసిన పరిశీలన ఇది.

హోస్ట్: కెరీర్‌కి ఏమైనా లాభమా?

అతిథి: పతకం ఇస్తారు. చలికాలం గడిపితే దానికి క్లాస్ప్ కూడా, అంటే పతకం రిబ్బనుకి తగిలించే చిన్న లోహపు పట్టీ. తమాషా ఏంటంటే మొదటిసారికి కాంస్యం, రెండోసారికి బంగారం, మూడోసారికి వెండి! ప్రమోషన్ మాట వేరు. కళ్ల ముందు ఉన్నవాడే పై ఆఫీసరుకి గుర్తుంటాడు కదా.

హోస్ట్: ఇప్పటికీ ఇలాంటి అవకాశాలున్నాయా?

అతిథి: నేవీ అంటార్కిటికా పని వదిలేసి ఏళ్లయింది. అక్కడ మంచు మీద దిగే, స్కీలున్న హెర్క్యులస్ రవాణా విమానాలను ఇప్పుడు న్యూయార్క్ ఎయిర్ నేషనల్ గార్డ్ నడుపుతోంది. ఏడాదిపాటు ఒంటరిగా ఉండగలిగితే గ్రీన్‌లాండ్‌లో పిటుఫిక్ అనే అమెరికా సైనిక స్థావరం ఉంది. 2023 దాకా దాని పేరు థూలే. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదు, కాబట్టి ముందు ఇంట్లోవాళ్లని అడగాలి.

హోస్ట్: మీరైతే వెళ్తారా సార్?

అతిథి: నాకు జనరేటర్ రిపేరూ రాదు, వంటా రాదు. నన్నెవరు తీసుకుంటారమ్మా?