ఎంబీఏ చేతిలో ఉంది, మరి ఈ బిల్లులో అసలు ధర ఎంత?

[స్క్రీన్ మీద ఒక బిల్లు. మొత్తం 1,180 రూపాయలు. కింద చిన్న అక్షరాల్లో: 18 శాతం జీఎస్టీతో కలిపి]

నమస్తే అండీ. ముందు ఈ బిల్లు చూడండి. మొత్తం 1,180 రూపాయలు. 18 శాతం జీఎస్టీ ఇందులోనే ఉంది. మరి వస్తువు అసలు ధర ఎంత? వీడియో ఆపి లెక్క వేయండి, నేనెక్కడికీ పోను.

వేశారా? నాకు తెలిసిన అకౌంట్స్ మేనేజర్ ఒకాయన ఉన్నారు. ఫైనాన్స్ ఎంబీఏ వాళ్లు ఇంటర్వ్యూకి వస్తే మొదట ఇదే అడుగుతారు. చాలామంది 1,180లో 18 శాతం తీసేసి 967 రూపాయల 60 పైసలు అంటారట. కాదు, 1,000 రూపాయలు. పన్ను వేసింది వెయ్యి మీద, 1,180 మీద కాదు కదా. 1.18తో భాగించాలి, అంతే.

వాళ్లేమీ తెలివి తక్కువవాళ్లు కాదండి. వాళ్లలో ఒకబ్బాయిని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, అమ్మినప్పుడు కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవడం) అంటే ఏంటని అడగండి, గుక్క తిప్పుకోకుండా నిర్వచనం అప్పజెప్తాడు. రెండేళ్లలో అతని చేతిలోకి నిజమైన బిల్లు ఒక్కటీ రాలేదు, అదీ సంగతి.

[స్క్రీన్ మీద రెండు అంకెలు: 7, 78]

ఇప్పుడు ఈ రెండు అంకెలు. 2016లో అసోచామ్ అనే వ్యాపార సంస్థల సంఘం ఒక మాట చెప్పి పెద్ద దుమారం లేపింది. టాప్ 20 బిజినెస్ స్కూళ్లు పక్కన పెడితే, మిగతా కాలేజీల ఎంబీఏల్లో 7 శాతం మందే ఉద్యోగానికి పనికొస్తున్నారని. ఇక ఇండియా స్కిల్స్ రిపోర్టు 2025 చూస్తే, ఎంబీఏల్లో 78 శాతం మంది ఉద్యోగానికి అర్హులే. తొమ్మిదేళ్లలో మనవాళ్లు అంత మారిపోయారా? లేదు, కొలబద్ద మారింది. అసోచామ్ చూసింది కోర్సు అవ్వగానే ఉద్యోగం దొరుకుతోందా అని. ఈ రిపోర్టు ప్రధానంగా ఆధారపడేది ఒక ఆన్‌లైన్ పరీక్ష మీద: ఇంగ్లిష్, లెక్కలు, లాజిక్, కంప్యూటర్ లాంటివి. పరీక్షలు రాయడంలో మనవాళ్లని కొట్టేవాళ్లెవరు చెప్పండి? అందుకే ఎవరైనా పెద్ద శాతం చూపిస్తే నేను మొదట అడిగేది ఏం కొలిచారు అనే.

సరే, మన దగ్గర ఎంబీఏలోకి ఎవరొస్తారు? డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు, ఇంట్లో ఊరికే కూర్చుంటే చుట్టాలు ఊరుకోరు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాస్తారు. 200 మార్కుల పరీక్ష, 50 వస్తే క్వాలిఫై. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కు కూడా లేదు. ఆ తర్వాత కౌన్సెలింగ్, ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇంట్లో ఎవరూ కాలేజీ మెట్లెక్కని పిల్లలు దానివల్లే పీజీ దాకా వచ్చారు, దాన్ని నేనేమీ అనను. కానీ సర్కారు నుంచి బకాయిలు ఏళ్ల తరబడి ఆగితే కాలేజీ ముందు కోత పెట్టేది లెక్చరర్ల జీతాల్లోనే. పొద్దున ఆర్గనైజేషనల్ బిహేవియర్ చెప్పిన మేడమే మధ్యాహ్నం స్టాటిస్టిక్స్ చెప్తుంటారు, నోట్స్ చూసి.

అదే హైదరాబాద్‌లో, గచ్చిబౌలిలో ఐఎస్‌బీ, అంటే ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఉంది. అక్కడ ప్రధాన కోర్సులో చేరాలంటే కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి. కస్టమర్ డబ్బు ఎగ్గొడితే ఎలా ఉంటుందో చూసొచ్చినవాడికి వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజూ నడవడానికి సరుకులో, బాకీల్లో ఇరుక్కునే డబ్బు) పాఠం ఒక తీరుగా వినపడుతుంది. 21 ఏళ్ల బీకాం అబ్బాయికి అదొక ఫార్ములా మాత్రమే.

ఈ లోటు పూడ్చడానికి సిలబస్‌లో ఒక ఏర్పాటు ఉంది, ఇంటర్న్‌షిప్. ఆరు నుంచి ఎనిమిది వారాలు కంపెనీలో పని చేసి ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. కాగితం మీద భేషుగ్గా ఉంటుంది.

[నల్ల అట్ట, బంగారు అక్షరాలు. బైండింగ్ మెషీన్ చప్పుడు]

జరిగేది ఏంటంటే, కాలేజీ దగ్గరి జిరాక్స్ షాపులో రిపోర్టు రెడీమేడ్‌గా దొరుకుతుంది. పేరు, హాల్ టికెట్ నంబరు, కంపెనీ పేరు మార్చి బైండింగ్ చేసిస్తారు. లెక్చరర్‌గా ఉన్న మా స్నేహితుడు ఒక వైవాకి, అంటే ఆ రిపోర్టు మీద ప్రశ్నలడిగే మౌఖిక పరీక్షకి వెళ్లాడు. సిమెంట్ కంపెనీ మీద రిపోర్టు. మధ్యలో ఒక పేజీలో "మా డిపాజిటర్ల నమ్మకమే మా బలం" అని ఉంది. అసలు రిపోర్టు ఏదో బ్యాంకుది మరి! మనవాడు నవ్వాపుకుని, డిపాజిటర్లంటే ఎవరు బాబూ అని అడిగాడట. "సిమెంట్ కొనేవాళ్లు సార్."

నవ్వకండి, నేనూ తక్కువ తినలేదు. నా మార్కెటింగ్ ప్రాజెక్టుకి వంద మందిని సర్వే చేయాలి. ఆ వంద ఫారాలూ హాస్టల్ గదిలో ఒక్క రాత్రిలో నింపాం, అనుమానం రాకుండా నీలం పెన్ను, నల్ల పెన్ను మార్చి మార్చి. 62 శాతం మంది కస్టమర్లు సంతృప్తిగా ఉన్నారని తేల్చాను. ఆ 62 మందీ నేనూ, నా రూమ్మేటే.

తర్వాత ఏమవుతుంది? ఎంబీఏ హెచ్ఆర్ వాళ్లు చాలామంది హైదరాబాద్‌లో యూఎస్ ఐటీ రిక్రూటర్ అవుతారు, అంటే అమెరికా ఐటీ ఉద్యోగాలకి ఫోన్లో మనుషుల్ని వెతకడం. నైట్ షిఫ్టు, ఫోన్లు, టార్గెట్లు, టెన్షన్. మార్కెటింగ్ వాళ్లు ఇన్సూరెన్సులూ, క్రెడిట్ కార్డులూ అమ్ముతారు. ఫైనాన్స్ వాళ్లు అమీర్‌పేటలో శాప్ ఫైకో అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరతారు, అంటే ఫైనాన్స్‌నే డబ్బు కట్టి మళ్లీ నేర్చుకుంటారు. ఈ ఉద్యోగాలు చిన్నవని కాదు. వీటికి రెండేళ్ల పీజీ ఎందుకన్నదే నా బాధ.

మరి ఇప్పుడు ఎంబీఏ చదువుతున్నవాళ్లు ఏం చేయాలి? సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. మీ ఊళ్లో సబ్బులూ బిస్కెట్లూ సప్లై చేసే డిస్ట్రిబ్యూటర్ ఉంటాడు కదా, ఇంటర్న్‌షిప్‌కి ఆయన దగ్గరికి వెళ్లండి. ఏసీ ఉండదు, కుర్చీ కూడా ఉండకపోవచ్చు.

[గోడౌన్. అట్టపెట్టెలు. ఒక పాత కంప్యూటర్‌లో ట్యాలీ, లెక్కల సాఫ్ట్‌వేర్]

ఉదాహరణకి ఇలా అనుకుందాం. గోడౌన్లో సరుకు 6 లక్షలు. షాపుల దగ్గర ఉద్దెర 5 లక్షలు. స్కీములు, డ్యామేజీల కింద కంపెనీ నుంచి రావాల్సిన క్లెయిములు లక్ష. మొత్తం 12 లక్షలు ఆయన డబ్బే. నెలకి 20 లక్షల అమ్మకం, 5 శాతం మార్జిన్, అంటే లక్ష. సేల్స్‌మెన్ జీతాలు, ఆటో, గోడౌన్ అద్దె కలిపి 70 వేలు పోతే మిగిలేది 30 వేలు. ఏడాదికి 3 లక్షల 60 వేలు, పెట్టుబడి మీద 30 శాతం. బాగానే ఉంది కదా?

ఇప్పుడు షాపులవాళ్లు బాకీలు సాగదీశారు. ఉద్దెర 5 నుంచి 8 లక్షలైంది. అమ్మకం తగ్గలేదు, మార్జిన్ తగ్గలేదు. కానీ పెట్టుబడి 15 లక్షలైంది, రాబడి 24 శాతానికి పడింది. ఆ మూడు లక్షలు అప్పు తెచ్చి ఉంటే వడ్డీ వేరే. ఇదేనండి వర్కింగ్ క్యాపిటల్.

మీరు చేయాల్సిన పని ఒకటే. ట్యాలీలోంచి బాకీల జాబితా తీసి, ఎక్సెల్‌లో 15 రోజుల లోపువి, 30 రోజుల లోపువి, 30 దాటినవి అని విడదీయండి. తర్వాత సేల్స్‌మన్ బండెక్కి ఆ 30 దాటిన షాపులన్నీ తిరగండి. ఒకాయన "రేపు రా బాబూ" అంటాడు. ఇంకొకాయన, మీవాళ్లు పాడైన సరుకు వెనక్కి తీసుకోలేదు, అందుకే ఆపానంటాడు. అది రాసుకోండి. ఆ పాడైన సరుకు విలువ బాకీలో తగ్గించే కాగితం, క్రెడిట్ నోట్, ఎందుకు రాలేదో డిస్ట్రిబ్యూటర్‌ని అడగండి, ఆయన విసుక్కుంటాడు, అయినా అడగండి.

ఎనిమిది వారాల తర్వాత మీ చేతిలో మిగిలేది ఒక పేజీ, ఆ 30 దాటిన షాపుల జాబితా. దాన్ని ఇంటర్వ్యూ టేబుల్ మీద పెట్టండి. ఎదుటాయన వేలు మొదటి పేరు మీదే పడుతుంది: "ఇతను ఎందుకు కట్టలేదు?"

చెప్పండి, ఆ షాపు ముందు మూడుసార్లు నిలబడింది మీరే కదా.