మందు మానేసినా ముక్కు మర్చిపోదు

[దృశ్యం: పళ్లెంలో వేయించిన వేరుశనగ గింజలు. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఒక చెయ్యి నిమ్మచెక్క పిండుతోంది.]

ఈ పళ్లెం చూస్తే మీకేం గుర్తొస్తుంది? వాన పడే సాయంత్రం, టీవీలో క్రికెట్... మా చిన్నాయనకి వేరేది గుర్తొస్తుంది.

ఆయన మందు మానేసి అప్పటికి పదకొండు నెలలు. మా చెల్లెలి నిశ్చితార్థం రోజు. ఇంట్లో సీసా అన్నదే లేదు. పిల్లలు ఆకలంటే చిన్నమ్మ గింజలు వేయించి, ఉల్లిపాయ కలిపి నిమ్మకాయ పిండింది. నవ్వుతూ మాట్లాడుతున్న చిన్నాయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. లేచి మిద్దె మీదికి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, వణుకు కనపడకుండా.

"నోట్లో నీళ్లూరుతున్నాయి రా. గింజల కోసం కాదు" అన్నాడు.

ఇరవై ఏళ్లు ప్రతి సాయంత్రం పర్మిట్ రూంలో క్వార్టర్ సీసా పక్కన ఉన్నది అదే పళ్లెం.

ఇలాంటప్పుడు మనం ఏమంటాం? "రోషం ఉంటే ఇలా అవుతుందా?" అంటాం. ఆ మాట ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వీడియో.

[దృశ్యం: తల బొమ్మ. ముక్కు పైభాగం నుంచి మెదడులోకి వెలుగు గీత.]

ముక్కు లోపల పైభాగాన వాసనను పట్టే కణాలుంటాయి. ఆ కణాల మీద వాసనను అందుకునే గ్రాహకాలు మనిషిలో దాదాపు 400 రకాలు. ఈ గ్రాహకాల జన్యువుల్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనుక్కున్నారు. 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మన కథకు అసలు కావలసింది మాత్రం ఆ తర్వాతి దారి. కంటితో చూసింది, చెవితో విన్నది ముందు థాలమస్ అనే భాగానికి చేరి, అక్కడినుంచి ముందుకు వెళ్తాయి. వాసన అక్కడ ఆగదు. భయం, ఇష్టం లాంటి భావాలతో ముడిపడిన అమిగ్డలాకి నేరుగా వెళ్తుంది. జ్ఞాపకాలను దాచే హిప్పోక్యాంపస్ కూడా అక్కడికి దగ్గరే. అందుకే అదేం వాసనో మనకు పేరు తట్టకముందే గుండె దడ మొదలవుతుంది.

దీనికి రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్క కథ కలపండి. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక చప్పుడు వినిపిస్తే, కొన్నాళ్లకు చప్పుడుకే కుక్క నోరూరేది. మందు విషయంలోనూ అంతే. గ్లాసు కంటే ముందు వచ్చే వాసనకే మెదడు డోపమైన్ అనే, కోరిక పుట్టించే రసాయనం వదలడం నేర్చుకుంటుంది. ఆ వాసన మందుదే కానక్కర్లేదు. కోడిగుడ్డు పొరటుది కావచ్చు, తడి నేల మీద కొట్టిన ఫినాయిలుది కావచ్చు. చేతికి రాసుకునే శానిటైజర్ కూడా కొందరిని కదిలిస్తుంది.

అంటే చిన్నాయన ఆ రోజు తాగాలని అనుకోలేదు. ఆయన అనుకునేలోపే ఒంట్లో పని మొదలైపోయింది. ఆయన చేసిందల్లా లేచి మిద్దె ఎక్కడం. నా దృష్టిలో రోషం అంటే అదే.

[దృశ్యం: డీ అడిక్షన్ సెంటర్ వరండా. తర్వాత బస్టాండ్ పక్కన వైన్ షాపు.]

ఇళ్లలో చాలామందిని బాధపెట్టే విషయం ఇంకొకటి. సెంటర్‌లో ముప్పై రోజులు బాగానే ఉన్నాడు, ఊరికొచ్చిన వారానికే మళ్లీ మొదలుపెట్టాడు అంటారు. నాటకమాడాడని కాదు. మెదడు పాత పాఠాన్ని చెరిపెయ్యదు, దాని పక్కన 'ఈ వాసన వచ్చినా మందు రాదు' అనే కొత్త పాఠం రాసుకుంటుంది. ఆ కొత్త పాఠం నేర్చుకున్న గదికే అతుక్కుని ఉంటుంది. ఆ వరండాలో బస్టాండ్ వాసన లేదు, ఏడు గంటల సాయంత్రం లేదు, పాత స్నేహితులు లేరు. కొత్త పాఠాన్ని ఊళ్లో, ఆ మూల మీదే మళ్లీ నేర్చుకోవాలి. దానికి నెలలు పడుతుంది, తోడు మనిషి కావాలి.

[దృశ్యం: చిన్న గిన్నెలో సోంపు.]

ఈ గిన్నె గురించి కాసేపు ఆగి చెప్పాలి. తాగొచ్చినవాళ్లు సోంపు నములుతారు, వక్కపొడి వేసుకుంటారు. కానీ మందు రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి, అక్కడినుంచి శ్వాసలోకి వస్తుంది. నోరు ఎంత కడిగినా పోదు. ఇంట్లో పిల్లలకు చివరికి మిగిలేది రెండూ కలిసిన వాసన. నాకు తెలిసిన ఒకావిడకి నలభై దాటాయి. ఇప్పటికీ పెళ్లి భోజనాల తర్వాత సోంపు పళ్లెం తెస్తుంటే లేచి వెళ్లిపోతుంది. "తలుపు గడియ చప్పుడు వినిపిస్తుంది" అంటుంది.

అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సెంటర్‌లో రుచి, వాసనల మీద పరిశోధన చేస్తారు. అక్కడి శాస్త్రవేత్త జూలీ మెనెల్లా బడి ఈడుకు అటూ ఇటూ ఉన్న పిల్లలకు బీరు వాసన చూపించి, నచ్చిందా అని అడిగింది. బాధలు మర్చిపోవడానికి తాగే తల్లిదండ్రుల పిల్లలే ఆ వాసన బాగాలేదని ఎక్కువగా చెప్పారు. ఇంట్లోని బాధ ఆ పిల్లల ముక్కుకు ఎక్కేసింది. "చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుస్తుందిలే" అనే మాట ఇకనైనా మానేద్దాం.

మరి ఇదే ముక్కు సాయం చేస్తుందా? పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో మైకేల్ సాయెట్ బృందం 232 మంది సిగరెట్ తాగేవాళ్లతో ప్రయోగం చేసి 2019లో ప్రచురించింది. సిగరెట్ కోసం తహతహలాడుతున్నప్పుడు నిమ్మ, పుదీనా, వెనిలా లాంటి తమకు నచ్చిన వాసన పీల్చినవాళ్లలో ఆ తహతహ ఎక్కువగా తగ్గింది. ఇది సిగరెట్ మీద చేసింది, తాగుడుకు వైద్యం అని కాదు. అయినా ఆ దారి నాకు నచ్చింది. ఎందుకంటే వాసనతో పైకొచ్చే జ్ఞాపకాలు చాలావరకు పదేళ్లలోపు వయసువి. మొదటి గ్లాసు కంటే పాతవి.

[దృశ్యం: తెర మీద నంబర్లు: 14446, 14416.]

మన దేశంలో మందు వల్ల సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్లకు పైనే అని 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే చెప్పింది. వ్యసనం గురించి మాట్లాడాలంటే 14446, మనసు బాగోకపోతే టెలిమానస్ 14416. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపెయ్యకండి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ దగ్గరే ఆపాలి. మందు తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరం మాత్రలు వాడేవాళ్లు, ఆల్కహాల్ ఉండే శానిటైజర్, ఆఫ్టర్ షేవ్ విషయం కూడా డాక్టర్‌ని అడగండి.

[దృశ్యం: పొయ్యి మీద గిన్నె, ఆవిరి. ఎర్రమట్టి అంటిన పచ్చి శనక్కాయలు.]

ఆ నిశ్చితార్థం తర్వాత మా ఇంట్లో గింజలు వేయించడం ఆపేశారు. చిన్నాయన కార్తీకంలో అనంతపురం నుంచి పచ్చికాయలు తెప్పిస్తాడు. మట్టి కడిగి, ఉప్పేసి ఉడకబెడతాడు. మూత తీసి ఆవిరి మీదికి వంగి, "కాయ పీకే రోజుల్లో మా నాయన పంచె ఇదే వాసన వచ్చేది" అంటాడు. తర్వాత చిన్న పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, వేడివేడిగా ఒక్కో కాయా ఒలిచి పెడతాడు.