జారుడు నేల

శ్రోతలకు నమస్కారం.

పోయిన సంక్రాంతి తర్వాత మా అమ్మ అనంతపురం నుంచి బెంగళూరు వచ్చింది, మారతహళ్ళిలో మా ఫ్లాట్‌కి. మూడో రోజు తెల్లవారుజామున బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళవి రెండే మాటలు. ఒకటి గ్రహచారం. రెండోది, పెద్దావిడ, కాస్త చూసుకుని నడవాల్సింది.

ఆపరేషన్ అయ్యాక ఓ రోజు ఆ బాత్రూమ్‌లో ఊరికే నిలబడి చూశాను. అద్దంలా మెరిసే టైల్స్, మేం ఏరికోరి వేయించినవే. గుమ్మంలో రెండంగుళాల గట్టు. లైటు స్విచ్ తలుపు వెనకాల. పడబోతూ అమ్మ పట్టుకున్నది తువ్వాలు కడ్డీ. అది స్క్రూలతో సహా ఊడొచ్చింది. మా ఊళ్ళో జాలాడికి, అంటే నీళ్ళు పోసుకునే చోటికి, గరుకు తాడిపత్రి బండలు. అరవై ఏళ్ళు వాటిమీద నడిచిన మనిషికి నడక రాదంటే ఎలా?

మలేరియా వస్తే దోమ ఎక్కడ పుట్టిందని వెతుకుతాం. దెబ్బ తగిలితే మాత్రం మనిషిని తిడతాం. గాయాన్నీ జబ్బులాగే చూడాలని, దానికీ కారణాలు, అడ్డుకట్టలు ఉంటాయని విలియం హాడన్ అనే అమెరికా డాక్టరు 1960ల్లోనే గట్టిగా చెప్పాడు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అనుకోని గాయాల చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత ఇదే. పోయేవాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ.

ఇంకోటి, బీపీ మాత్రలు వాడేవాళ్ళు గబుక్కున లేస్తే ప్రెషర్ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. రాత్రి లేచినప్పుడు మంచంమీదే కాసేపు కూర్చోమనండి. దారిలో చిన్న బల్బు వెలగనివ్వండి, కరెంటు బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

సొంత ఇళ్ళవాళ్ళు సంపు సంగతి కూడా చూడండి. కావేరి నీళ్ళొచ్చాయని మూత తీసి, ఎవరో పిలిస్తే లోపలికి వెళ్తాం. బుడిబుడి నడకల పిల్లలకు ఆ రెండు నిమిషాలు చాలు. మూతకు తాళం వేయండి.

మా ఇంట్లో గరుకు టైల్స్ వేయించాం. గోడలోకి బోల్టులు దించి స్టీలు కడ్డీ బిగించాం. "నేనేం ముసలిదాన్నా?" అని అమ్మ వారంరోజులు దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు దానిమీద తడి తువ్వాళ్ళు ఆరేస్తోంది. అవి తీయడం రోజూ నా పని.